గడువు ఎవరు పెట్టాలి?

మార్చి, ఏప్రిల్ నెలల్లో పల్నాడు నుంచి గుంటూరు పోయే రోడ్లన్నీ ఘాటెక్కి ఉంటాయి. మిర్చి టిక్కీలు ఎత్తిన లారీ ముందు పోతుంటే వెనక బండి మీద వచ్చేవాడు తుమ్ముకుంటూ రావాల్సిందే. ఆ టిక్కీల్లో కొన్ని నేరుగా యార్డులో దిగుతాయి. ఆ పూట పలికిన ధరకు అమ్ముడవుతాయి, చీటీ చేతికొస్తుంది, లెక్క తేలిపోతుంది. ఇవాళ్టి ధర నచ్చని రైతు మాత్రం సరుకును కోల్డ్ స్టోరేజీకి తోలతాడు. మావైపు దాన్ని ఏసీ అనేస్తారు. సరుకు ఏసీలో పెట్టి వచ్చిన రైతు ముఖంలో ఓ ధీమా కనిపిస్తుంది. తను తొందరపడలేదు, ధరే తన దగ్గరికి నడిచొస్తుంది.

ఒక్కోసారి నిజంగానే వస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటింది. ఆ అంకె కళ్లారా చూసినవాళ్లు తర్వాతి ఏళ్లలోనూ అదే అంకె కోసం కూర్చున్నారు. 2025 ఫిబ్రవరికల్లా ధర ఎంత పడిపోయిందంటే, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కకట్టాల్సి వచ్చింది. ఏసీలో ఉన్న సరుకుకి అద్దె పడుతుంది. రసీదు మీద తెచ్చుకున్న అప్పుకి వడ్డీ నడుస్తుంది. ఎండాకాలం సెలవులకి యార్డు మూస్తారు. ఈలోగా కాయ బరువు తగ్గుతుంది, రంగు మాసుతుంది. జనవరి తిరిగేసరికి కొత్త పంట దిగి పాత సరుకును వెనక్కి నెడుతుంది. అయినా మిర్చి రైతుకు ఒక సౌకర్యముంది: ఏసీ అద్దె ఎంతో రసీదు మీద రాసి ఉంటుంది. ఏ ధర దగ్గర తియ్యాలో, ఏ నెల దాటితే నష్టానికైనా తియ్యాలో అతను వేళ్ల మీద లెక్క కట్టుకోగలడు.

ఇదే రైతు ఇంట్లో డిగ్రీ అయిపోయిన కొడుకు ఉంటాడు. ఆ కొడుకు విషయంలో మాత్రం ఈ లెక్క ఎవరూ కట్టరు.

నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో చాలాకాలం పాఠాలు చెప్పాను. చదువు అయిపోయిన పిల్లలు సర్టిఫికెట్ల కోసమో, ఊరికే పలకరించడానికో వస్తుంటారు. "ఏం చేస్తున్నావమ్మా?" అంటే సగం మంది "ప్రిపేరవుతున్నా సార్" అంటారు. ఏ పరీక్షకి, ఎన్నాళ్లుగా అని అడిగితే మాట మార్చేస్తారు. ఒకప్పుడు నేనూ "మంచిది, బాగా చదువు" అని పంపించేసేవాణ్ణి. ఇప్పుడు మాత్రం కూర్చోమని కుర్చీ చూపించి, అడక్కూడని ఇంకో ప్రశ్నే ముందు అడుగుతున్నాను: ఎప్పటిదాకా?

ఇది సోమరితనం మీద ఉపన్యాసం కాదు. గుంటూరు బ్రాడీపేటలో పది అడుగుల గదిలో ముగ్గురేసి ఉంటూ రాత్రి ఒంటిగంట దాకా కరెంట్ అఫైర్స్ బట్టీ పట్టే పిల్లల్ని సోమరులు అనడానికి నోరెలా వస్తుంది? వాళ్ల కష్టం మీద నాకు అనుమానం లేదు. ఆ కష్టానికి హద్దు గీసే పని వాళ్లు ఎవరి చేతికి వదిలేశారన్నదే నా బాధ.

మా నాన్నల తరంలో కొలువు వెతకడం ఇంకోలా ఉండేది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకుని, కార్డు తెచ్చుకుని, మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కాల్ లెటర్ వచ్చేది. ఖాళీలను ఎక్స్ఛేంజీలకు తెలపాలన్న చట్టం 1959లో వచ్చింది. అది క్యూ. నత్తనడకే, కానీ అందులో మనకంటూ ఒక నంబరుండేది. 1996లో మన పక్కనే ఉన్న కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి పంపినవాళ్లనే తీసుకుంటామంటే కుదరదు, ఖాళీలను బయట కూడా ప్రకటించి అర్హులందరినీ చూడాలని చెప్పింది. న్యాయమైన మాటే. కార్డు లేనివాడికీ తలుపు తెరుచుకుంది. దాంతోపాటే క్యూ పోయి పోటీ వచ్చింది. క్యూలో నిలబడినవాడికి తన ముందు ఎందరున్నారో తెలుస్తుంది. పోటీలో నిలబడినవాడికి పక్కన ఎందరున్నారో, పరుగు ఎప్పుడు మొదలవుతుందో కూడా తెలియదు.

ఎంత తెలియదో చెప్పడానికి మూడు ఉదాహరణలు చాలు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల నోటిఫికేషన్ జులై నెలాఖరులో పడింది. సెప్టెంబరు మొదటి వారంలో పరీక్షలు, అదే నెలలో ఫలితాలు, అక్టోబరు 2న సచివాలయాలు తెరుచుకున్నాయి. లక్షా ఇరవై ఆరు వేలకు పైగా పోస్టులు. పెన్ను పట్టుకుని వెళ్లిన పిల్ల రెండు నెలల్లో ఉద్యోగస్థురాలై వచ్చింది. రెండోది కానిస్టేబుల్ పోస్టులు. 6,100 ఖాళీలకు 2022 నవంబరులో నోటిఫికేషన్. 2023 జనవరిలో ప్రిలిమ్స్ రాసినవాళ్లు నాలుగున్నర లక్షల మంది, గట్టెక్కినవాళ్లు 95 వేల పైచిలుకు. ఆ తర్వాత కోర్టు కేసులు, వాయిదాలు. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివర్లో మొదలయ్యాయి, ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. మూడోది డీఎస్సీ. 2018 తర్వాత మళ్లీ టీచరు పోస్టులు భర్తీ అయ్యింది 2025లోనే. నడుమ 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ఒక నోటిఫికేషన్ పుట్టి, ప్రభుత్వం మారాక రద్దయింది. చివరికి 16,347 పోస్టుల మెగా డీఎస్సీకి మూడు లక్షల ముప్పై వేల మందికి పైగా దరఖాస్తు చేశారు.

రెండు నెలలు, దాదాపు మూడేళ్లు, ఏడేళ్లు. ఈ మూడింట్లో పిల్లల్ని ఎక్కువ కట్టిపడేసింది ఏది అంటే నేను మొదటిదే అంటాను. ఏడేళ్లు పట్టిన దాన్ని చూసి జనం విసుగెత్తి లేచి వెళ్లొచ్చు. రెండు నెలల్లో ఒళ్లో పడ్డదాన్ని చూసినవాడు మాత్రం ఇక లేవడు. ఎదురింటి అమ్మాయికి వచ్చింది, పక్క వీధి కుర్రాడికి వచ్చింది, రేపటి నోటిఫికేషన్ తన పేరు మీద ఉండదని ఎవరనగలరు?

పల్నాటి కథలో కోడిపందెం ఓడిన మాచర్ల వాళ్లకి ఏడేళ్ల వనవాసం పడింది. మండాదిలో ఆలమందలు కాచుకుంటూ గడిపారంటారు. డీఎస్సీకీ డీఎస్సీకీ మధ్య మన పిల్లలు గడిపిందీ ఏడేళ్లే. తేడా ఒక్కటే: ఏడేళ్లని వాళ్లను నడిపించిన బ్రహ్మనాయుడికి ముందే తెలుసు.

ఎప్పుడు ఆగాలన్న ప్రశ్న మీద గణితశాస్త్రంలో ఓ సరదా లెక్క ఉంది. 1960లో మార్టిన్ గార్డ్‌నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో తన శీర్షికలో ఇచ్చాక అది ప్రపంచమంతా తిరిగింది. దానికి సెక్రటరీ ప్రాబ్లమ్ అని పేరు స్థిరపడింది. ఒక యజమాని సెక్రటరీని ఎంచుకోవాలి. అభ్యర్థులు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. చూసిన వెంటనే తీసుకోవాలి లేదా వదిలేయాలి. వదిలేసినవాళ్లు తిరిగి రారు. అందరిలోకీ మేలైనవాళ్లు దొరకాలంటే ఎక్కడ ఆగాలి? మొత్తం మందిలో మొదటి 37 శాతాన్ని ఊరికే చూసి వదిలెయ్, ఆ తర్వాత అంతకుముందు చూసిన అందరికంటే మెరుగైనవాళ్లు రాగానే తీసుకో అంటుంది లెక్క. ఇంత పద్ధతిగా చేసినా అత్యుత్తమం దొరికే అవకాశం కూడా 37 శాతం దగ్గరే ఉంటుంది. ఈ లెక్క పుట్టకముందే ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ దీంతో తంటాలు పడ్డాడు. 1611లో భార్య పోయాక రెండో పెళ్లికి పదకొండు సంబంధాలు చూశాడు. నాలుగో సంబంధం దగ్గర ఊగిసలాడి, ఐదో ఆమెను వదిలి మిగిలినవన్నీ చూసి, చివరికి 1613లో ఆ ఐదో ఆమెనే పెళ్లాడాడు. గ్రహాల దారి కనిపెట్టినవాడికీ ఎక్కడ ఆగాలో వెంటనే తేలలేదు.

ఈ లెక్క నాకిష్టమే గానీ, నరసరావుపేట కుర్రాడికి పనికిరాదు. మొత్తం ఎంతమంది వస్తారో యజమానికి తెలుసు, తన జీవితంలో ఎన్ని నోటిఫికేషన్లు వస్తాయో కుర్రాడికి తెలియదు. అంతకంటే పెద్ద తేడా ఇంకొకటుంది. ఆ లెక్కలో ఎదురుచూపుకి ఖర్చు లేదు. యజమాని కుర్చీలో కూర్చుని ఎంతమందినైనా చూస్తూ ఉండొచ్చు. మన ఇళ్లలో చూస్తూ కూర్చోవడానికే అసలు డబ్బంతా అవుతుంది.

మా మేనల్లుడిది గురజాల వైపు ఊరు. కానిస్టేబుల్ ప్రిలిమ్స్ గట్టెక్కిన ఆ 95 వేల మందిలో వాడొకడు. 1600 మీటర్ల పరుగు కోసం తెల్లారకముందే లేచి గ్రౌండుకి పోయేవాడు. ఈవెంట్స్ ఇదిగో అదిగో అంటూ వాయిదా పడుతుంటే వాడి పరుగు ఆగలేదు, వయసూ ఆగలేదు. ఓ పండక్కి వెళ్లినప్పుడు అడిగాను.

"ఏరా అల్లుడూ, ఎప్పటిదాకా?"

"ఈ ఒక్కటి చూస్తా మావయ్యా."

"ఇది పోతే?"

"అప్పుడు చూద్దాంలే."

లోపల్నుంచి మా అక్క వచ్చింది. "వాణ్ణేమీ అనబాకరా తమ్ముడూ, మనసు పాడుచేసుకుంటాడు" అంది. ఆవిడ చేతులకి గాజులు లేవు. బ్యాంకులో ఉన్నాయని నాకు తెలుసు, వాడికీ తెలుసు. తెలిసిన ముగ్గురం దాని గురించి తప్ప అన్నిటి గురించీ మాట్లాడుకున్నాం.

వాడి ఎదురుచూపుకి అద్దె ఎక్కడా రాసి లేదు. గాజుల మీద వడ్డీ, అమ్మేసిన గేదె, మనిషి లేక వదులుకున్న రెండెకరాల కౌలు, అన్నయ్య సంగతి తేలాక చూద్దామని వాయిదా పడిన చెల్లెలి సంబంధం, ఇవన్నీ ఒక కాగితం మీదకి తేవాలని నాకనిపించింది. మర్నాడు వాణ్ణి కూర్చోబెట్టి రాయించాను. మా అక్కకి నా మీద కోపమొచ్చింది. పిల్లాడికి ఖర్చు లెక్క చూపించడం పాపమని ఆవిడ నమ్మకం. ఆ కాగితం చూసి వాడేమీ నొచ్చుకోలేదు. కాసేపు కదలకుండా కూర్చుని, కింద ఓ తేదీ వేశాడు. ఫలితాల్లో వాడి నంబరు లేదు. ఇప్పుడు దాచేపల్లి వైపు ఓ సిమెంటు ఫ్యాక్టరీలో డిస్పాచ్ సెక్షన్‌లో ఉన్నాడు. అక్కడ సుఖంగా ఉన్నాడని నేను అనను. లారీల నంబర్లు రాసుకుంటూ వాడు మురిసిపోవట్లేదు. కానీ గాజులు ఇంటికొచ్చాయి, వచ్చే ఏడాది ఏం చేయాలో వాడు తన నోటితో తనే చెబుతున్నాడు.

తేదీ వేసుకోవడం మా ప్రాంతంలో ఎందుకంత కష్టమో నాకు తెలుసు. కారంపూడిలో వీరుల గుడి ఉన్న నేల ఇది. వెనకడుగు వేయని బాలచంద్రుడి కథ వింటూ పెరిగినవాడికి ఆగడమంటే పారిపోయినట్టే. ఇంటికొచ్చిన చుట్టం "ఏమైంది అబ్బాయ్ నీ సంగతి?" అన్నప్పుడు "మానేశాను" అనడం కంటే "ఈసారి ఖాయం" అనడం తేలిక. ఆ తేలిక మాట చెప్పీ చెప్పీ ఏళ్లు దొర్లిపోతాయి. ఎదురుచూపు ముదిరిన ఇంటి తలుపు తట్టేవాడు ఒకడుంటాడు, దళారి. సచివాలయంలో మనవాడున్నాడంటాడు, హైదరాబాదులో కంపెనీకి బ్యాక్‌డోర్ ఉందంటాడు, ముందు సగం ఇవ్వమంటాడు. ఇన్నేళ్లు పెట్టినవాళ్లం ఇంకో రెండు లక్షలు పెట్టలేమా అనుకునే ఇంట్లోనే వాడి బేరం తెగుతుంది.

పనులు మార్చుకుంటూ పోయినవాళ్లను ఓడిపోయినవాళ్లుగా చూసే అలవాటు కూడా మనకు ఎక్కడ్నుంచి వచ్చిందో. ఇప్పటి పల్నాడు జిల్లాలోనే ఉన్న వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా పనుల జాబితా చూడండి. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి పంతులు. ఆ పని పోయాక 1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడు, తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన కథా సంభాషణలూ చదివే పని. ఆ తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో అధ్యాపకుడు. ఆపైన భాషా పండితుడు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధ ప్రచారకుడు, 1957 నుంచి 59 దాకా మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాత, 1964లో శాసనమండలి సభ్యుడు. ఇందులో ప్రణాళికేమీ లేదు. కులం ఒక తలుపు మూస్తే, ఆకలి ఇంకో తలుపు కొట్టించింది. అయినా ఒకటి గమనించండి. బడిలో, మూకీ తెర పక్కన, ప్రచార సభలో, రేడియోలో ఆయనకు కూడు పెట్టింది తెలుగూ, దాన్ని పైకి చదివే గొంతూ. పోస్టులు మారాయి, పనితనం మాత్రం ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఆయన వెంటే నడిచింది. మనకు నచ్చిన పోస్టు వచ్చేదాకా ఏ పనీ ముట్టుకోకుండా ఉంటే, వెంట తీసుకెళ్లడానికి ఏం మిగులుతుంది?

ముప్పాళ్ల మండలం చాగంటివారిపాలెంలో పుట్టి, అత్తిలిలో తెలుగు లెక్చరరుగా ఉంటూ, 1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట'తో సినిమా మనిషైపోయిన బ్రహ్మానందం కథ మా కాలేజీ కుర్రాళ్లకు మహా ఇష్టం. ఉద్యోగం వదిలేస్తే అలా వెలిగిపోవచ్చని దాన్ని చెప్పుకుంటారు. నేను దాన్ని కాస్త జాగ్రత్తగా చెబుతాను. ఉద్యోగం వదిలి సినిమాలకు పోయి ఏమీ కాని లెక్చరర్ల కథలు పుస్తకాలుగా రావు. గెలిచినవాళ్లను మాత్రమే లెక్కపెట్టి దారి ఎంచుకోకూడదు, అది నోటిఫికేషన్‌కైనా అంతే, సాహసానికైనా అంతే.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో సరైన మాట చెప్పింది పిడుగురాళ్లలో ఉండే నా పాత విద్యార్థిని. బీఈడీ చేసింది. 2018లో బీఈడీ వాళ్లకు కూడా ప్రాథమిక పాఠశాల టీచరు పోస్టులకు అర్హత ఇచ్చారు, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ వెసులుబాటు చెల్లదంది. ఆమె డీఎస్సీ కోసం ఎదురుచూస్తుండగానే సగం తలుపు మూసుకుంది. స్కూల్ అసిస్టెంటు పోస్టు ఒక్కటే మిగిలింది. ఈలోపు ఆమె ఓ ప్రైవేటు బడిలో చేరి, ఆరో తరగతి లెక్కల నుంచి మొదలుపెట్టి, ఇప్పుడు ఆ బడిలో టైమ్‌టేబుల్ వేసే మనిషైంది. 2025 డీఎస్సీ రాసింది. రాలేదు.

"మళ్లీ రాస్తావా?" అన్నాను.

"రాస్తాను సార్. ఎదురుచూడను" అంది.

నేను పిల్లలకు చెప్పాలని ఎన్నాళ్లుగానో తడుముకుంటున్నది ఇదే. రాయడం వేరు, ఎదురుచూడడం వేరు. రాయడానికి ఫీజు, కొన్ని నెలల చదువు, ఒక పరీక్ష రోజు చాలు. ఎదురుచూడడానికి పెళ్లి, పొలం, జీతం, చేతికి రావాల్సిన పనితనం అన్నీ పక్కన పెట్టాలి. మన ఇళ్లలో ఈ రెంటినీ ఒకే మూటగా కట్టేశాం. రాసేవాడు ఇంకే పనీ చేయకూడదంటాం, పని చేసుకునేవాడు ఆశ వదిలేశాడంటాం.

గడువు పెట్టుకుంటే ప్రమాదం లేదని నేను చెప్పలేను. ఆగిపోయిన మర్నాడే నోటిఫికేషన్ రావచ్చు. నాలుగు మార్కులతో పోయినవాడు ఇంకొక్క ఏడు ఉండి ఉంటే కొట్టేవాడేమో. ఆ బాధ నిజమైనది, దాన్ని ఏ లెక్కా తీసేయదు. కానీ మూడు లక్షల ముప్పై వేల మందిలో పదహారు వేల మందికే వచ్చే చోట, ఇంకొక్క ఏడు అన్న మాటకి ఏ ఏడాదీ చివరిది కాదు. కాబట్టి మొదలుపెట్టే రోజే, ఇంట్లో అందరి ముందూ, నెలకు ఎంత ఖర్చవుతుందో, ఎవరిది ఏం వాయిదా పడుతుందో, ఏ తేదీకి ఇంకో పనిలో చేరాలో రాసుకోవాలి. ఆ తేదీ వచ్చినప్పుడు "ఏమైంది?" అని అడగకుండా ఉండే బాధ్యత చుట్టాలది.

మెగా డీఎస్సీకి వయోపరిమితిని 42 నుంచి 44కి పెంచారు. అన్నేళ్లు నోటిఫికేషన్ వేయకుండా ఉన్నందుకు ఆ మాత్రం చేయడం ధర్మమే. 44 దాకా రాయొచ్చని ప్రభుత్వం అంది. 44 దాకా ఎదురుచూడమని ఎవరూ అనలేదు.